క్రోటన్ల కంచె అవతల

శుక్రవారం, నాచారం

పక్కింటి సుగుణక్కకు తుంటి ఎముక విరిగింది. ఉప్పల్‌లోని దవాఖానలో చేర్చారు. ఎల్లుండి ఆపరేషనట.

మురుగునీళ్ల విషయంలో గొడవపడ్డాక, ఆమె ముఖం కనిపించకూడదనే మా రెండిళ్ల మధ్య క్రోటన్లు నాటాను. ఎండాకాలంలోనూ ఆకు రాలక, ఎరుపూ పసుపూ కలిసి మూడేళ్లలో మనిషెత్తు పెరిగాయి. చూసినవాళ్లంతా మెచ్చుకుని కొమ్మలు అడిగి తీసుకెళ్లేవారు.

ఈ పొద్దున నేను వాటికి నీళ్లు పడుతున్నప్పుడే ఆమె అవతల పెరట్లో జారిపడి ఉంది. ఆ గుబురులోంచి నాకేమీ కనిపించలేదు. మధ్యాహ్నం కూతురు రమ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆమె అక్కడే పడి ఉంది.

సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. రమ నాతో మాట్లాడలేదు. సుగుణక్కే మెల్లగా అంది: "పైపు సప్పుడు ఇనబడ్డది. నువ్వు గాడనే ఉన్నవని తెలుసు."

"మరి పిలువలేదేందక్కా?"

"పిలిస్తె పలుకుతవో లేదో అనుకున్న."

ఆమె చెయ్యి పట్టుకుందామనుకుని, పట్టుకోకుండానే వచ్చేశాను.

తప్పకుండా పలికేదాన్ని అని ఇక్కడ రాశాను. మళ్లీ చదువుకుని కొట్టేశాను.