ప్రూఫ్ మీద సంతకం

మార్చి 3, సోమవారం

మా ప్రెస్ ఓనర్ ఇవాళ ఆరుగురు చెవిటిపిల్లలకి అన్యాయం చేశాడు. తేదీ వేసి మరీ రాసిపెడుతున్నాను. రేపెవరైనా అడిగితే నేను చూడలేదనడానికి లేదు.

సంగతి ఇది. పొద్దున ప్రెస్ మెయిల్ తెరిచాను. వెనక రెండు వీధులు దాటితే ఉన్న చెవిటిపిల్లల బడి పేరుతో మెయిల్. వాళ్ల రసీదు పుస్తకాలూ, ఏటా వేసే రిపోర్టూ మా దగ్గరే అచ్చవుతాయి. ఆరుగురు పిల్లలకి చెవి ఆపరేషనట. పది రోజుల్లో డబ్బు కట్టకపోతే హాస్పిటల్ వాళ్లు ఆ తేదీలు వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. కింద ఒక పాప ఫోటో, డబ్బు పంపడానికి కోడ్. ఆ పాప కళ్లు చూస్తే ఎవడైనా జేబులో చెయ్యిపెడతాడు. ఓనర్ పెట్టడు.

దీన్ని కరపత్రంగా వేసి పంచుదాం, డబ్బులేమీ తీసుకోవద్దు అన్నాను. ఓనర్ కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, పార్టీ ఎవరు అన్నాడు. బడి అన్నాను. బడి నడుచుకుంటూ వచ్చి అడిగిందా అన్నాడు. మెయిల్ వచ్చిందిగా అన్నాను. అయితే ప్రూఫ్ తీసుకెళ్లి బడి టీచరమ్మ చేత సంతకం పెట్టించుకురా, అప్పుడు చూద్దాం, నా పెళ్లి కార్డు కూడా ప్రూఫ్ మీద నేను సంతకం పెట్టాకే మెషిన్ ఎక్కింది, నువ్వేమన్నా పైనుంచి దిగొచ్చావా అన్నాడు.

చెయ్యి చాచిన మనిషిని రుజువు చూపించమనడమే అన్నిటికంటే మొదటి దోపిడీ. ఈ వాక్యం ఎక్కడో చదివాను, లేదా నేనే రాశాను. గుర్తులేదు. నాలుగేళ్లుగా ఇక్కడ ప్రూఫులు దిద్దుతున్నాను. అన్ని సంఘాల కరపత్రాలూ నా కళ్ల కిందనుంచే పోతాయి. వేస్ట్ షీట్లు ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదువుతాను. అమ్మ వాటిని అలమర్లో పరచబోతే పెద్ద గొడవ చేస్తాను. కాలేజీ మెట్లెక్కినవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు.

మార్చి 4, మంగళవారం

సంతకం నేనే పెట్టాను.

పాత ప్రూఫుల ఫైల్లోంచి టీచరమ్మ సంతకం తీసి, చిత్తుకాగితం మీద మూడుసార్లు దించి, నాలుగోసారి ప్రూఫ్ మీద పెట్టాను. తప్పనిపించలేదు. పిసినారి పెట్టిన రూలు తుంచడం కూడా తప్పేనా? బడికి వెళ్లి రావచ్చు, నిజమే. రెండు వీధులు. కానీ వెళ్లి, అమ్మా, మీ పిల్లల కష్టం నిజమేనా అని మొహం మీద అడగాలా? ఆ సిగ్గుమాలిన పని నావల్ల కాదు.

మధ్యాహ్నం ఓనర్ బయటికి పోయాడు. మెషిన్ బాబాయ్ ప్రూఫ్ తిరగేసి, టీచరమ్మ ఎప్పుడొచ్చిందిరా విప్లవం, నాకు కనబడలేదే అన్నాడు. నువ్వు టీకి పోయినప్పుడు అన్నాను. ఇవాళ నేను టీకే పోలేదే అన్నాడు. అంటూనే ప్లేటు ఎక్కించాడు. ముప్పై ఏళ్లుగా ఆయనకి అదే లెక్క. సంతకం ఉంటే వేస్తాడు, లేకపోతే వెయ్యడు. ఆ పై సంగతులు ఆయనకి పట్టవు.

కటింగ్‌లో మిగిలిన ముక్కల మీద నాలుగు వందలు వేశాం. మెయిల్ పైన ఉన్న అడ్రసూ గిడ్రసూ మేటర్ కాదని తీసేశాను. హెడ్డింగ్ నాది. వాళ్లకి వినపడదు. మీకు వినపడుతోందా? అట్టడుగున అలవాటు ప్రకారం మా ప్రెస్ పేరు.

హెడ్డింగ్ భలే కుదిరింది.

మార్చి 5, బుధవారం

మా వీధి, దాని పక్క వీధి, మార్కెట్ సందు, మూడూ తిరిగి పంచాను. బడి ఉన్న వీధికి పోలేదు. వాళ్లకి తెలిసిన సంగతి వాళ్లకే చెప్పడమెందుకు.

కిరాణా ఆయన కాగితం వెలుతుర్లో పెట్టి చూశాడు, దొంగనోటు చూసినట్టు. ఒళ్లు మండింది. కింద ప్రెస్ పేరు చూడండి అన్నాను. చూశాడు. ఓహో, బడి పుస్తకాలు వేసేది మీరేగా, ఇంకేం మరి అని ఫోన్ తీశాడు. ఆయన పంపాడని సెలూన్ వాళ్లు పంపారు. వాళ్లు పంపారని మందుల షాపు. ఒకరిని చూసి ఒకరు.

బైండింగ్ అక్క సంగతి విడిగా రాయాలి. మా ప్రెస్‌లో పుస్తకాలు మడిచి, కుట్టి, అంటించేది ఆమే. గోళ్ల సందుల్లో జిగురు ఎండిపోయి ఉంటుంది. కుట్టుమిషన్ కొనుక్కుని ఇంట్లోనే బట్టలు కుట్టుకుంటాను, ఈ జిగురు కొలువు మీ మొహాన కొడతాను అని నేను చేరిన రోజునుంచీ అంటోంది. కాగితం ఇస్తే నవ్వి, నేనేం ఇవ్వగలను తమ్ముడూ, పదో పరకో అంది. నాకు తిక్క రేగింది. నీకు మిషన్ కావాలి, వాళ్లకి చెవులు కావాలి, ఏది ముందో నువ్వే చెప్పు అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

సాయంత్రం ఇంటికెళ్లి, రేకు డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. దాచుకున్నదంతా. ఫోన్లో పంపడం ఆమెకి రాదు. డబ్బు నేను తీసుకుని నా ఫోన్లోంచి పంపాను. జాగ్రత్తగా నొక్కు నాయనా, వేరేవాళ్లకి పోగలదు అంది.

మార్చి 6, గురువారం

మనుషులు మంచివాళ్లు. గట్టిగా అడిగేవాడు లేక ఆగిపోయారు, అంతే.

మార్చి 10, సోమవారం

టీచరమ్మ వచ్చింది. చేతిలో నా కరపత్రం.

ఆ పాప మా బడి పిల్ల కాదు అంది. మేం ఆపరేషన్లు చేయించం, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతాం, అంతే అంది. ఆ మెయిల్ తను పంపలేదట. ఎవరో దొంగలు బడికి సాయం చేసేవాళ్ల అడ్రసులు సంపాదించి అందరికీ పంపారట. మిగతావాళ్లంతా ఒక ఫోన్ చేసి అడిగారట. అడిగి, నవ్వుకుని ఊరుకున్నారట. డబ్బు పోయింది ఈ మూడు వీధుల్లోనే అంది.

ఎవరు వేయించారు ఇది, ప్రూఫ్ చూపించండి అంది. ఓనర్ ఫైల్ తెరిచాడు. చూశాడు. నావైపు ఒక్కసారి చూశాడు. ఫైల్ మూసేసి, కనబడట్లేదమ్మా, ఎవరో కుర్రాడు వచ్చి బడి తరఫున అన్నాడు, మేం నమ్మాం అన్నాడు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. మా పిల్లలు ఎవరేం చెప్పినా ముందు మొహం చూస్తారు, మొహం కనబడకుండా మాట్లాడితే అసలు లెక్కపెట్టరు, మీకు చెవులున్నాయి కాబట్టి ఆ అవసరం లేదేమో అంది. వెళ్లిపోయింది.

తర్వాత ఓనర్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. రాయలేను. చివర్న మాత్రం, ఈ ప్రెస్ బతికేది కాగితం అడుగున ఉన్న పేరు మీద, నోరు మూసుకో, నాలుగు రోజుల్లో చల్లారుతుంది అన్నాడు. ప్రూఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నోరు మూసుకున్నాను.

మార్చి 11, ఉదయం 11 గంటలు

టీచరమ్మ పోలీస్ కంప్లయింట్ ఇచ్చిందట. డబ్బు వెళ్లిన ఖాతా ఎవరిదో తేలదట, తేలినా అందులో ఏమీ మిగలదట. ఆ దొంగల్ని నిలబెట్టి కాల్చాలి.

ఆ దొంగలు బడి పేరు వాడుకున్నారు.

నేనూ వాడుకున్నాను.

మార్చి 12

రాయడానికేమీ లేదు.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం 5

వీధిలో ఒకటే మాట. దొంగలూ లేరు గింగలూ లేరు, బడివాళ్లే మింగి మెయిల్ మీద తోస్తున్నారు అని. కింద ప్రెస్ పేరుతో అచ్చయిన కాగితం ఉంటే అబద్ధమెలా అవుతుంది అని. ప్రెస్ పేరు వాళ్లకి చూపించింది నేనే.

మధ్యాహ్నం జనం బడి మీదికి పోయారు. నేనూ పోయాను, వెనకాల. కిరాణా ఆయన రసీదులు చూపించమని గేటు పట్టుకుని ఊపాడు. నోటికొచ్చిన మాటలన్నీ అన్నారు. ఇంతలో అక్క జనంలోంచి ముందుకొచ్చింది. చేతిలో మా బైండింగ్ సుత్తి. నా ఎముకలు అరిగిన డబ్బు తినడానికి నోరెలా వచ్చిందే అని బడి బోర్డు మీద కొట్టింది. రెండో దెబ్బకి బోర్డు ఊడి కిందపడింది. జనం ఈలలు వేశారు.

కిటికీలో పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లకి అరుపులు వినపడవు. కానీ వాళ్ల కళ్లు ఒక్కో నోటి మీదికీ జరుగుతున్నాయి. ఆ తిట్లు ఒక్కటీ వదలకుండా చదువుతున్నారు.

నేను అరవలేదు. అరవకుండా నిలబడ్డాను. అది గొప్పా?

మార్చి 17, సోమవారం

బడి ఉన్న బిల్డింగ్ ఓనర్ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడట. నాకు ఈ అల్లరి వద్దమ్మా, మీరు తప్పు చెయ్యలేదని ఈ వీధివాళ్లే వచ్చి చెప్పనీ, అప్పుడు ఆలోచిస్తాను అన్నాడట. ఇప్పటికే పదకొండు మంది పిల్లలు మానేశారు. ఇంకెక్కడా ఇలాంటి బడి లేదు. వాళ్లు ఇంట్లో గోడల మొహాలు చూస్తూ కూర్చుంటారు.

మా ఓనర్ ఇవాళ నాకు టీ తెప్పించాడు. నాలుగేళ్లలో మొదటిసారి. తాగాను.

ఇంటికొచ్చి, నేను దాచుకున్న సంఘాల కరపత్రాల కట్ట విప్పాను. దోపిడీ చేసేవాడు ఎలా ఉంటాడో ప్రతి కాగితంలోనూ రాసి ఉంది. పొట్టా, ఉంగరాలూ, కారూ. నాలాంటివాడు ఎక్కడా లేడు. ఏం చేస్తున్నావురా అని అమ్మ అడిగింది. అలమర్లో పరుచుకో అని కట్ట చేతికిచ్చాను. జ్వరమా అని నుదురు ముట్టుకుని చూసింది.

మార్చి 18, మంగళవారం

అక్కకి చెప్పాను.

ఫారాలు మడుస్తోంది. మెయిల్, సంతకం, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. అంతా విని, ఏ చేత్తో పెట్టావు అంది. ఈ చేత్తో అన్నాను. ఆ చేతికే నా డబ్బా ఇచ్చాను కదూ అంది.

కాసేపు మడిచింది. రెండు వీధులేరా, కాళ్లు పడిపోయాయా అంది. డబ్బు ఎప్పటికైనా నేనిస్తానక్కా అన్నాను. డబ్బు సంగతి తర్వాత, సుత్తి ఎత్తినప్పుడు ఒక పిల్ల నా నోరే చూసింది, నేనన్న మాటలన్నీ చదివింది, వాటిని ఎలా వెనక్కి తెస్తావు, చెప్పు, నువ్వు చదువుకున్నవాడివిగా అంది.

తమ్ముడూ అని ఒక్కసారి కూడా అనలేదు.

మార్చి 19, బుధవారం

బడికి వెళ్లాను. నడిస్తే ఆరు నిమిషాలు.

టీచరమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. చెప్పాను. నా సంతకాన్ని దించింది నువ్వా అని నన్ను పైనుంచి కిందికి చూసింది. కూర్చోమనలేదు. వీధివాళ్లకి పంచడానికి రెండు పేజీలు రాసుకెళ్లాను. ఇచ్చాను. ఎర్రపెన్ను అడిగి, నా పెన్నే తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టింది. దోపిడీ వ్యవస్థ కొట్టేసింది. సైబర్ ముఠాల కుట్ర కొట్టేసింది. నా ఆవేశం, నా వయసు, నా మంచి ఉద్దేశం, అన్నీ కొట్టేసింది. ఇదంతా నీ గురించి, ఇందులో బడి ఎక్కడుంది అంది. నాలుగేళ్లలో నేను దిద్దిన ఏ ప్రూఫూ అంత ఎర్రగా కాలేదు. చివరికి కొన్ని వాక్యాలు మిగిలాయి.

క్షమించమన్నాను. ఇక్కడ నా చెవిలో కాదు, బయట, ఆ వచ్చినవాళ్లందరి ముందూ చెప్పు అంది. గొణక్కు, మెల్లగా, నోరు బాగా తెరిచి చెప్పు, మా పిల్లలకి కూడా తెలియాలి అంది.

మార్చి 20, గురువారం

ఆ మిగిలిన వాక్యాలు అచ్చు వేసుకోవడానికి మెషిన్ ఇవ్వమని ఓనర్‌ని అడిగాను. జేబులోంచి ప్రూఫ్ తీసి నా కళ్లముందే ముక్కలు చేశాడు. ఇప్పుడు చెప్పుకో, సాక్ష్యం ఏముంది, నా ప్రెస్ పేరు ఎత్తావంటే చర్మం ఒలుస్తాను, బయటికి నడు అన్నాడు. మొదటిరోజు ఆయన అన్నది నిజం. ఇవాళ చేసింది దొంగపని. ఒకే మనిషి. దీన్ని ఏ హెడ్డింగ్ కింద పెట్టాలో నాకు తెలియదు.

గేటు దగ్గర మెషిన్ బాబాయ్ కటింగ్ ముక్కల కట్ట నా చేతిలో పెట్టాడు. చేత్తో రాసుకోరా విప్లవం, నీ చేతిరాతకేం, టీచరమ్మ సంతకమే దించినవాడివి అన్నాడు. నవ్వలేదు. ఆ రోజు టీచరమ్మ రాలేదని తెలిసీ నేను వేశాను, ఆ మాట కూడా రాయి అన్నాడు. అది నువ్వే వచ్చి చెప్పు బాబాయ్ అన్నాను.

మార్చి 21, శుక్రవారం

నిన్న మధ్యాహ్నం నుంచి రాస్తూనే ఉన్నాను. నూట డెబ్బై అయ్యాయి. వేళ్లు వంగడం లేదు. గడపగడపకీ నేనే వెళ్లి చేతికిచ్చాను, తలుపు సందుల్లో పడెయ్యలేదు.

కిరాణా ఆయన చదివాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి చెంప మీద ఒకటిచ్చాడు. మళ్లీ చదివాడు. ఆదివారం ఎన్నింటికి అన్నాడు. అందులోనే ఉందండి అన్నాను.

మందుల షాపు ఆయన చింపేశాడు.

అక్క వస్తుందట, మెషిన్ బాబాయ్ చెప్పాడు. నా కోసం కాదని మరీమరీ చెప్పమందట.

మార్చి 22, శనివారం

మిగిలిన ఒక్క కాగితం ఇక్కడ అంటిస్తున్నాను.

చెవిటిపిల్లల బడి ఎవరినీ మోసం చెయ్యలేదు. మెయిల్ దొంగలది. దాన్ని అచ్చువేసి మీకు పంచింది నేను. బడిని అడగలేదు. టీచరమ్మ సంతకం నేనే పెట్టాను.

ఆదివారం, బడి గేటు ముందు, అందరూ రండి. ముందు వరుస పిల్లలది. వాళ్లకి నా మొహం కనబడేలా, అడ్డం రాకుండా నిలబడి, ఆ వెనకనుంచి ఎంతైనా తిట్టండి.

పొద్దున పది గంటలకి.