తెల్ల గుడ్డ ముందు చీకటి ఫోటోలు

సిరిసిల్ల,
బుధవారం.

చిట్టితల్లి అఖిలకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, అమ్మమ్మ, నేను బాగున్నాం. మీ హాస్టల్లో ఫోన్లు వద్దన్నారు కాబట్టి నాకు ఉత్తరాలు రాయడం అలవాటైంది, అదీ మంచిదే.

కెమెరా గురించి నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. ఫ్లాష్ వెలుగుతోంది. బ్యాటరీ నిండా ఛార్జ్ చేశాను. నువ్వన్నట్టు దగ్గరికి జరిగి తీశాను. ఐఎస్ఓ అనే సెట్టింగును వంద నుంచి ఎనిమిది వందలకు పెంచితే గది మూలలు కొంచెం తేటపడ్డాయి గానీ మొహాలు మాత్రం చీకట్లోనే ఉన్నాయి. కోరుట్లలో మీ చిన్నమ్మ తేజస్విని శ్రీమంతానికి నేను తీసిన ఫోటోలన్నీ అలాగే పాడయ్యాయి కదా. అందుకే బాబును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు జగిత్యాల నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలుస్తానంది. ఇంకొక్క అవకాశం ఇవ్వమని బతిమాలాను.

తొట్టెలకు వారం ముందు ఆ పాత ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాను. అందరూ మొహాలు చూస్తారు, నా కన్ను వెనకాల గుడ్డ మీద పడింది. అందంగా ఉంటుందని మన సాంచ మగ్గం మీద నేసిన తెల్ల గుడ్డను నేనే గోడకు కట్టాను. మల్లెపువ్వులాంటి ఆ గుడ్డ ఫోటోలో బూడిద రంగులో ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ గుడ్డ మధ్యే బతుకుతున్నాను, దాని తెలుపు నాకు తెలియదా? అంత తెలుపు నుంచి తిరిగొచ్చే వెలుగును చూసి, కెమెరా ఇక చాలనుకుని ఫ్లాష్‌ను తగ్గించేస్తోంది.

అమ్మమ్మను ఆ గుడ్డ ముందు కూర్చోబెట్టి ఒకటి, మన పచ్చ తలుపు ముందు ఒకటి తీశాను. తలుపు ముందు తీసింది బాగా వచ్చింది. అయినా గుడ్డ తీసేయడానికి మనసొప్పలేదు. మెనూలో వెతికి, ఫ్లాష్ వెలుగు పెంచే చోట ప్లస్ ఒకటి పెట్టాను. ఈసారి గుడ్డ గుడ్డలాగే తెల్లగా పడింది, అమ్మమ్మ బోసినవ్వూ కనిపించింది. అది చూసుకుని, ఇంకో పదేళ్లు బతుకుతానని మురిసిపోయింది.

ఇక అసలు సంగతి. ఇన్నాళ్లూ దాచాను, తప్పే. శ్రీమంతం ఫోటోలు పాడైనప్పుడు సిగ్గుతో, సెలవుల్లో నువ్వే కెమెరా సెట్టింగులు మార్చేశావని అందరికీ చెప్పాను. నువ్వు దాన్ని ముట్టుకోనే లేదు. ఆ మాట గుర్తొచ్చి ఈ మూడు నెలలూ అన్నం సహించలేదు. మొన్న తొట్టెల నాడు తీసిన ఫోటోలు చూసి అందరూ మెచ్చుకుంటుంటే ఇక ఆగలేక పదిమందిలో చెప్పేశాను.

"గప్పుడు తప్పు నాది. నా బిడ్డది కాదు."

తేజస్విని వెంటనే, "అక్కా, పాపం గా పిల్లను మస్తు తిట్టిన. మొదటి ఫోటో దానికే పంపు" అంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆ ఫోటో ఇందులో పెట్టాను, బాబును చూడు. నా మీద కోపమొస్తే గట్టిగానే రాయి, పడతాను. సెలవులకు రాగానే కెమెరా నీ చేతికిస్తాను, ఏ బటన్ కావాలంటే అది నొక్కు. ఫోటోలు పాడైతే నేనే చేశానని అందరికీ చెబుతాను.

ఇట్లు,
నీ అమ్మ
వందన