ఎద్దులు లాగే మోటారు

హుజూరాబాదు,
9-5-1961

తమ్ముడు భూపాల్‌రావుకు అన్న రాయునది.

మరమగ్గాల మిస్త్రీ సిద్దిరాములు దగ్గరి నుంచి మన పాత మోటారు కారు తిరిగి ఇప్పించమని రాశావు. కొట్టంలో దాని మీద కోళ్లు పొదుగుతున్ననాడు పాత ఇనుము కింద అమ్మింది నువ్వే కదా. ఇంజను ఇంకా కదలదు. అయినా అతను రంగు వేసి, మెత్తలు కుట్టి, ముందు రెండు ఎద్దులను కట్టి పెళ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పుతున్నాడు. ఒక పెళ్లి కిరాయితో టైరు కొన్నాడు, ఇంకో పెళ్లితో కార్బొరేటరు బాగుచేయించాడు.

"దొర కూసున్న సీట్ల సాలోళ్ల పిలగాండ్లు కూసునుడేంది?" అని నీ మనిషి అతన్ని గదమాయించాడట. ఆ నేతగాళ్లింటి పెళ్లికొడుకుల తండ్రులు మన గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచారు. కొడుకులు కూర్చుంటే పోయిన పరువేమిటో నాకు రాయి.

ఇంకొక మాట. మొన్నటి కిరాయి పెళ్లిది కాదు, మీ అమ్మది. మా చిన్నమ్మ ఆ మోటారులో ఎప్పుడూ పరదాల వెనకే కూర్చునేది. బజారుకు పోదామని ఈసారి తానే కబురు పంపింది.

"పైసలొద్దు దొరసానీ" అన్నాడు సిద్దిరాములు.

"బ్యాటరీకి తక్కువ పడ్డయంట గద, పట్టు" అని ముందు సీటెక్కింది. "జర మెల్లగ తోలు. దుకాండ్లన్ని సూడాలె."

ఆ బ్యాటరీ ఇప్పుడు బండిలో ఉంది. బండి కావాలంటే ముందు ఆమెనడుగు. ఎల్లుండి ఎద్దులు లేకుండా నడిపి చూస్తాడట. ముందు సీటు తనదేనని చిన్నమ్మ అప్పుడే చెప్పిపెట్టుకుంది. వెనక సీటు ఖాళీగానే ఉంది, వస్తే రా.

మీ అన్న