ట్వైలా పాటలో అమ్మ

మార్చి 3, 1993
నాష్‌విల్ నుంచి ట్వైలా ఫోన్ చేసింది. పాట రికార్డయిందట. చర్చిలోనూ ఫెయిర్‌లోనూ పాడిన నా కూతురు ఇక రేడియోలో వస్తుంది. తల్లి చనిపోయిన పిల్ల పాటట, రాసింది కంపెనీవాళ్లట. నీకేం అనిపించదు కదమ్మా అంది. పాట పాటే కదా, పాడుకో అన్నాను.

ఏప్రిల్ 19
రేడియోలో గంటకోసారి అదే. మోటెల్ నడిపే ఇమోజీన్ కనబడి, పోయినదానివి కబురైనా పెట్టలేదేమే వెర్నా, చావింటికి అందరిలా క్యాసరోల్ వండుకొచ్చేదాన్ని కదా అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

మే 30, ఆదివారం
డెకరేషన్ డే, సమాధులకు పూలు పెట్టే రోజు. మా ఆయన హోబర్ట్ సమాధి రాయి కడిగి పూలు పెట్టాను. ఆయన పోయినప్పుడే ఊళ్లో అందరిలాగే ఇద్దరికీ కలిపి ఒకే రాయి చెక్కించాను. నా పేరు, పుట్టిన ఏడు, పక్కన పోయే ఏడుకు ఖాళీ.
ట్వైలా ఒక ఫోటోగ్రాఫర్‌తో వచ్చింది. అతను దాన్ని రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. మీ నీడ పడుతోందండీ, కాస్త తప్పుకోండి అన్నాడు.
తప్పుకున్నాను.

జులై 14, ఉదయం
క్యాసెట్ వచ్చింది. అట్ట మీది రాయిలో ఖాళీ లేదు. 1979 అని ఉంది. కంప్యూటర్‌తో చేస్తారట. ఆ ఏడు ట్వైలాకు చికెన్‌పాక్స్. గోళ్లతో గీరుకోకుండా చేతులకు సాక్సులు తొడిగి పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం 6
ఫోన్ చేశాను. టీవీలో అమ్మ గురించి అడిగితే ఏం చెప్పాలో తెలియక ఏడ్చేశానమ్మా అంది. అందరూ నిజమనుకున్నారట. ఇప్పుడు కాదంటే దొంగదాన్నంటారు, పాట నంబర్ వన్‌లో ఉంది, ఒక్క ఏడాది ఓపిక పట్టు అంది. ఏడాది తర్వాత ఎలా లేచొస్తానే అన్నాను. పెట్టేసింది.

ఆగస్టు 22
అభిమానులు పెట్టిన పూలు, టెడ్డీ బేర్‌లతో రాయి మీది ఖాళీ కూడా కనబడట్లేదు. వాడినవి ఏరుతున్నాను. ఒహాయో నుంచి వచ్చిన ఒకావిడ ఏడుస్తూ, ట్వైలా వాళ్లమ్మ మీకు తెలుసా అంది. తెలుసన్నాను. ఎలాంటి మనిషి అంది. పిల్లను గారాబం చేసింది అన్నాను.

సెప్టెంబర్ 8
శనివారం మన ఊళ్లోనే ట్వైలా కచేరీ. మోటెల్ నిండిపోయిందట. శని, ఆదివారాలు ఇల్లు కదలకే వెర్నా, నీకు పుణ్యముంటుంది అంది ఇమోజీన్. ఈసారి నవ్వలేదు.

సెప్టెంబర్ 11
వెళ్లాను. జనం వెనకాల చివర్లో నిలబడ్డాను. ఆ పాటకు ముందు ట్వైలా చెయ్యి ఆకాశానికెత్తి, మా అమ్మ వింటోంది అంది. జనమంతా పైకి చూశారు.
నేనూ చూశాను.