హానా వేషం

హెర్న్‌డన్,
అక్టోబర్ మొదటివారం

చెవి మిషన్లతో విసిగిపోయిన నా గిరిజకి,

ఫోన్‌లో నేను ఎంత అరిచి చెప్పినా నీకు సగమే వినబడుతోందనీ, మిగతా సగానికి నవ్వేసి ఊరుకుంటున్నావనీ నాకు తెలుసు. అందుకే కాకినాడలో చదువుకునేటప్పుడు సెలవుల్లో రాసుకున్నట్టు మళ్ళీ ఉత్తరాలకి దిగాను. పడమటి తీరాన మీ డబ్లిన్‌లో ఇంకా ఎండలే అనుకుంటాను. ఇక్కడ మా వీధిలో మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. మావారు సత్యానందంగారు పొద్దున్నే ఆకులన్నీ పోగుచేసి సంచుల్లో నింపుతారు. మర్నాటికి మళ్ళీ అంతే రాలి ఉంటాయి. ఆయనకి విసుగు రాదు.

ఒక వార్త. నేను నాటకంలో వేస్తున్నాను. నవ్వకు, చివరిదాకా చదువు.

స్మృతి నీకు గుర్తుందిగా, మా పాత ఇంటి పక్కవాళ్ళమ్మాయి. నా దగ్గర టీకాలు వేయించుకుని పెరిగిన పిల్ల. ఇప్పుడు ఇక్కడ హైస్కూల్లో డ్రామా టీచర్. కమ్యూనిటీ సెంటర్‌లో ఉన్న చిన్న థియేటర్ కోసం తనే ఒక నాటకం రాసింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పేరు పొందిన ఒక రంగస్థల నటి జీవితం. ఆవిడ పేరు హానా వెస్ట్‌కాట్. స్మృతి మా ఇంటికొచ్చి, సోఫాలో కాళ్ళు మడుచుకు కూచుని, "ఆంటీ, ఓల్డ్ హానా మీరే చెయ్యాలి. క్రిస్మస్‌కి మీ చర్చ్‌కి వచ్చాం కదా, మీరు బైబిల్ చదువుతుంటే ఒక్కళ్ళు కూడా ఫోన్ చూడలేదు" అంది.

"దొరసాని వేషం నాకేంటే? నా రంగు చూశావా?" అన్నాను.

"అది ఎవ్వరూ కేర్ చెయ్యరు ఆంటీ. హానా కూడా క్వీన్ కాదు. క్వీన్ వేషం వేసింది, అంతే."

ఆ మాటకి పడిపోయాను. స్క్రిప్ట్ ఇచ్చి వెళ్తే ఆ పూటే కూచుని చదివేశాను.

హానా తండ్రి నార్విచ్‌లో చేతితొడుగులు కుట్టేవాడు. పదహారేళ్ళ వయసులో ఈ పిల్ల ఊరూరా తిరిగే నాటకాల జట్టుతో వెళ్ళిపోయింది. ధాన్యపు కొట్టాల్లోనూ సత్రాల పెరళ్ళలోనూ ఆడేవాళ్ళట. వర్షానికి తడిసిన బట్టలు ఒంటి మీదే ఆరేవట. ఆమె సంగతి ఎవరో చెప్పగా విని, లండన్‌లో పెద్ద థియేటర్ నడిపే ఆయన పిలిపించాడు. తీరా అక్కడ మొదటి రాత్రే ఆమె గొంతు పై వరసల బెంచీలకి అందలేదు. గట్టిగా చెప్పమని అరిచారు, తరవాత నారింజ తొక్కలు విసిరారు. సీజన్ అయ్యాక ఇక రావద్దన్నారు. వేరే పిల్లయితే చేతితొడుగులు కుట్టుకుంటూ బతికేది. ఈమె మళ్ళీ చిన్న ఊళ్ళకి వెళ్ళి, కొన్నేళ్ళపాటు అదే పని నేర్చుకుంది. గొంతు పెంచలేదు, మాట నిదానం చేసింది. ఒక మాట చివరివాడికి చేరిందని తెలిశాకే రెండో మాట అనేది. లండన్ మళ్ళీ పిలిచినప్పుడు పై బెంచీలవాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారు. ఇరవయ్యేళ్ళు ఆమెని మించినవాళ్ళు లేరు. గొప్పిళ్ళవాళ్ళు పిలిపించి పద్యాలు చెప్పించుకునేవాళ్ళు, భోజనాల బల్ల దగ్గర మాత్రం ఆమెకి కుర్చీ వేసేవాళ్ళు కాదు. కూతురు మశూచితో పోయిన నెలలోనే, బిడ్డని పోగొట్టుకున్న రాణి వేషం వేయాల్సి వచ్చింది. హాలంతా ఏడ్చింది. హానా ఏడవలేదు. "ఇల్లంతా ఆ బిడ్డే, నాకు చోటు లేదు, అందుకే ఇక్కడికి వచ్చాను" అని తోటి నటితో అంది. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి, వెళ్ళి టీ పెట్టుకున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది నీకే చెబుతున్నాను, ఇంకెవరికీ తెలియదు. జూన్‌లో ఒక ఆదివారం చర్చ్ నుంచి ఒక్కదాన్నే వస్తూ, హైవే మీద ఏళ్ళ తరబడి తీసుకుంటున్న మా ఇంటి ఎగ్జిట్ దాటిపోయాను. దాటిపోయానని కూడా తెలియలేదు. లీస్‌బర్గ్‌లో ఒక పార్కింగ్ లాట్‌లో కారాపి కూచుంటే, ఇల్లు ఏ వైపో తట్టలేదు. కాసేపటికి తేరుకుని వచ్చేశాను. ట్రాఫిక్ అని చెప్పాను ఆయనకి. తరవాత ఆయనకి చెప్పకుండా న్యూరాలజిస్ట్ దగ్గరకి వెళ్ళాను. నా కూతురి వయసువాడు. కొన్ని మాటలు చెప్పి, కాస్త ఆగి అవే తిరిగి చెప్పమన్నాడు. అందులో ఒక పువ్వు పేరు ఉందని గుర్తుంది, ఏ పువ్వో రాలేదు. మతిమరుపు జబ్బుకి మొదటి దశ అన్నాడు, ముదరొచ్చు, ఇలాగే ఉండిపోనూవచ్చు అన్నాడు. నేనూ డాక్టర్నే కదా, ఆ రెండో మాట ఎందుకు అంటారో నాకు తెలుసు.

ఆయనకి చెబితే మర్నాటి నుంచీ నేను ఆయనకి పేషెంట్‌నైపోతాను గిరిజా. మాట మాటకీ నా మొహం చూస్తారు. నాకది ఇప్పుడే వద్దు. స్మృతి అడిగినప్పుడు కుదరదనాల్సింది. ఒప్పుకున్నాను. పోతున్నదాన్ని పోయేలోపు ఒకసారి గట్టిగా వాడి చూద్దామనిపించింది.

నీ పిచ్చి
లూసీ


హెర్న్‌డన్,
నవంబర్ మధ్యలో

గిరిజా, కోపం తగ్గిందా?

"ముందు ఆయనకి చెప్పు, నాటకం తరవాత" అని పెద్ద అక్షరాలతో రాశావు. నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టాను. చెప్పలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి ఆయన చర్చ్ కమిటీ ఫోన్‌లో ఉన్నారు. రెండోసారి ఏ అడ్డూ లేదు, నాకే ధైర్యం చాల్లేదు.

రిహార్సల్స్ సంగతి చెబుతాను. వంటింట్లో గిన్నెలు కడుగుతూ నా భాగం మొత్తం అప్పజెప్పేస్తాను. స్టేజీ ఎక్కాక, చీకట్లో మెట్లు దిగుతుంటే మధ్యలో ఒక మెట్టు లేనట్టు, కాలు గాల్లో పడుతుంది. చిన్న హానాగా వేసే రష్మి చాలా చురుకైన పిల్ల. నేను ఆగితే నా దగ్గరికొచ్చి శాలువా సర్దుతున్నట్టు వంగి మాట అందిస్తుంది. ఒకసారైతే సరే. ఆ అమ్మాయి రోజూ నా శాలువా సర్దుతుంటే మిగతావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు.

ఈమధ్య రిహార్సల్‌కి ఆయనే తీసుకెళ్తున్నారు. "చీకటి త్వరగా పడుతోంది, నేను డ్రైవ్ చేస్తాలే" అన్నారు. నేను లోపలుంటే ఆయన కార్‌లో కూచుని పేపర్ చదువుకుంటారు.

మొన్న రిహార్సల్ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేను స్మృతిని అడిగాను. "నీ నాటకం హానా సెలవు తీసుకున్న రాత్రితో అయిపోతుంది. జనం పూలు విసురుతారు, తెర పడుతుంది. ఆ తరవాత ఆవిడ ఏమైంది?"

"తరవాత శాడ్ ఆంటీ. అందుకే కట్ చేశాను."

"చెప్పు."

అప్పుడు చెప్పింది. సెలవు తీసుకున్న కొన్నేళ్ళకి, జబ్బుపడ్డ ఒక పాత నటుడి సాయం కోసం హానా మళ్ళీ ఒక్క రాత్రికి ఒప్పుకుందట. అప్పటికి అరవై దాటింది. ఎన్ని వందలసార్లో వేసిన వేషం. సగంలో మాటలు పోయాయి. అప్పట్లో అక్కడా, మన నాటకాల్లో తెర పక్కన ప్రాంప్టింగ్ ఇచ్చేవాళ్ళలాగే, పుస్తకం పట్టుకుని ఒక మనిషి కూచునేవాడట. అతను మాట అందించాడు. ఆమె అందుకోలేకపోయింది. మళ్ళీ అందించాడు. పై బెంచీల్లో ఎవరో నవ్వారు. హానా నవ్విన వైపు చూసి, వంగి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు.

"ఆ సీన్ పెట్టు" అన్నాను.

"ఎందుకు ఆంటీ? ఆమెని అలా చూపించడం నాకు ఇష్టం లేదు."

"ఇరవయ్యేళ్ళు చూపించి ఆ ఒక్క రాత్రి దాచేస్తే, అది సిగ్గుపడాల్సిన పనేనని నువ్వూ ఒప్పుకున్నట్టు. నవ్వినవాళ్ళ పక్కన కూచున్నట్టు." అని, ఇంక ఆగలేక, నా సంగతి చెప్పేశాను. ఇంగ్లీషులోనే చెప్పాను. ఈ విషయం ఇంగ్లీషులో అయితే ఎవరి కేస్ గురించో చెబుతున్నట్టు ఉంటుంది.

స్మృతి వచ్చి నా పక్కన కూచుంది. "సారీ అనను ఆంటీ, మీకు నచ్చదు."

"నచ్చదు."

"సీన్ పెడదాం. మరి మీరు... వేరే చోట నిజంగా మర్చిపోతే?"

"అదే నా భయం."

కాస్త ఆలోచించి, "ఆ ప్రాంప్టర్‌ని స్టేజ్ మీదే కూచోపెడదాం. మొదటినుంచీ. పాత కాలం కోటు వేసి, బుక్ ఇచ్చి. అతను కూడా క్యారెక్టరే. ఎప్పుడు మాట ఇచ్చినా ప్లేలో పార్టే అనుకుంటారు" అంది. ఆ పిల్లకి నేను టీకాలు తప్ప ఏమీ ఇవ్వలేదు గిరిజా. ఎంత బుద్ధిమంతురాలో చూడు.

"మరి ఎవర్ని కూచోపెడతావు?" అని నేను అంటుండగా వెనకనుంచి, "నేను కూచుంటాను" అన్న మాట వినబడింది. సత్యానందంగారు. ఎంతసేపటికీ రాలేదని పిలవడానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డారు. చేతిలో నా కోటు ఉంది.

ఎప్పట్నుంచి విన్నారో అడగలేదు. దారిలో ఆయన, కాలరున్న కోటు దొరుకుతుందా అని మాత్రం అడిగారు.

లూసీ


హెర్న్‌డన్,
డిసెంబర్

గిరిజా, తీరిగ్గా కూచుని చదువు,

షోలు అయిపోయాయి. వరసగా చెబుతాను.

థాంక్స్‌గివింగ్ ముందు రోజు పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం నాటకం మాటలు చూసుకుంటున్నాం. ఆయన వేలు పెట్టి లైను లైనూ చూస్తారు, ఒక్క అక్షరం మారినా ఒప్పుకోరు. ముప్ఫయ్యేళ్ళు బ్రిడ్జిల డ్రాయింగులు చెక్ చేసిన మనిషి. నేను ఒకచోట ఆగాను. ఆయన మాట అందించారు. అందుకున్నాను. ఇంక తప్పదనిపించింది.

"ఏవండీ, మీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"నాకు మతిమరుపు జబ్బు మొదలైంది. ఆ రోజు స్మృతితో అంటుంటే మీరు విన్నారేమో. డాక్టర్ కూడా చెప్పాడు."

ఆయన పుస్తకం బోర్లించి పెట్టారు. "ఆ రోజు నేను తలుపు తీసేసరికి మీరు కోటు గురించి మాట్లాడుకుంటున్నారు. వినలేదు. నాకు జూన్‌లోనే తెలుసు లూసీ."

"ఎలా?"

"లీస్‌బర్గ్ నుంచి నువ్వే ఫోన్ చేశావు. మనిల్లు ఎటు అని అడిగావు. చుట్టూ ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను. ఫోన్ పెట్టెయ్యకుండా ఇంటిదాకా దారి చెప్పాను. గరాజ్‌లోకి వచ్చాక పెట్టేశావు. లోపలికొచ్చి, ట్రాఫిక్ ఎక్కువగా ఉంది అన్నావు."

గిరిజా, ఆ ఫోన్ నాకు గుర్తు లేదు. ఇప్పటికీ లేదు. నేనే తేరుకుని వచ్చానని నీకు రాశాను, అలాగే నమ్మాను. ఆయన ఫోన్ తీసి చూపిస్తానన్నారు, వద్దన్నాను. ఈ ఆర్నెల్లూ ఆయన దగ్గర దాచానని నేననుకుంటున్నాను. ఆయన నా దగ్గర దాచారు.

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పేదాకా అది నీ సంగతి. మధ్యలో నేనెందుకు?" అని, "డ్రైవింగ్ మాత్రం లాక్కున్నాను, అదొక్కటి చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు" అన్నారు. టేబుల్ మీద ఉన్న ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళినాటి నుంచీ ఈయనకి మాటలు రావని విసుక్కుంటూనే ఉన్నాను. పేషెంట్‌నైపోతానని ఎవరి గురించి భయపడ్డానో, ఆ మనిషి నన్ను అంతకాలం మామూలుగానే చూశాడు, నేను గమనించనంత మామూలుగా.

చాండ్లర్‌లో ఉన్న మా అమ్మాయి క్రిస్టీకి ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి చెప్పాం. ఏడ్చింది, తరవాత ఆర్టికల్స్ పంపడం మొదలెట్టింది. క్రిస్మస్‌కి పిల్లలతో వస్తోంది. నా కారు అమ్మేస్తున్నాం. దానికి మాత్రం కొంచెం ఏడ్చాను.

ఇక శనివారం మధ్యాహ్నం మొదటి షో. చర్చ్‌వాళ్ళంతా వచ్చారు. మోజెస్‌గారి కుటుంబం రెండు వరసలు ఆక్రమించింది. నాకు బూడిదరంగు సిల్కు గౌను, భుజాల మీద శాలువా. స్టేజీ పక్కగా చిన్న బల్ల, దాని ముందు ఆయన. నల్ల కోటు, తెల్ల కాలరు, సొంత కళ్ళద్దాలు. తెర లేచేముందు చూస్తే హైకోర్టు జడ్జీలా ఉన్నారు.

కొట్టాల్లో ఆడిన రోజులు బాగా వచ్చాయి. నారింజ తొక్కలకి జనం నవ్వారు. కూతురు పోయిన భాగం చెబుతుంటే హాల్లో చప్పుడు లేదు. అన్నిటికంటే తేలికైంది ఆ తరవాతిది, హానా దేశమంతా పేరు మోగుతున్న రోజుల్ని తలుచుకునే ఘట్టం. సంతోషంగా చెప్పాల్సింది. అక్కడ పోయింది. మెట్టు కూడా కాదు, మెట్లన్నీ పోయాయి.

ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు. చూసి, ఉలిక్కిపడి పుస్తకంలోకి వంగారు. పేజీలు ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. అంత లెక్కగా ఉండే మనిషి పేజీ పోగొట్టుకున్నారు. ఇద్దరం స్టేజీ మీద, వెలుగులో, ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ ఉండిపోయాం. రష్మి నా వైపు అడుగు వేయబోయింది, వద్దని చెయ్యెత్తాను. ఎందుకో భయం వేయలేదు.

ఆయన లేచారు. పుస్తకం రెండు చేతుల్తో పట్టుకుని, స్టేజీ మధ్యకి నడిచొచ్చి, నా ముందు తెరిచి, వేలు పెట్టి చూపించారు. కళ్ళద్దాలు లేక నాకు అక్షరాలు కనబడలేదు. ఆయన తన కళ్ళద్దాలు తీసి ఇచ్చారు. పెట్టుకుని, లైను చదివి, కళ్ళద్దాలు తిరిగిచ్చి, గౌను పట్టుకుని వంగి దణ్ణం పెట్టాను. అది హానా పెట్టిందో నేను పెట్టానో తెలియదు. జనం చప్పట్లు కొట్టారు, నాటకంలో భాగమే అనుకుని. అక్కణ్ణుంచి చివరిదాకా, హానా మాటలు మరిచిపోయే ఆ ఆఖరి సీన్‌తో సహా, నాకు ఒక్క మాట తప్పలేదు. ఆ సీన్‌లో ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

ఇంటికొస్తుంటే ఇంకా వెలుతురుంది. సగం దారిలో ఆయన, "పేజీ తప్పిపోయాను" అన్నారు.

"ఎలా తప్పిపోయారు? వేలు పెట్టుకునే కూచుంటారుగా."

"నిన్ను చూస్తూ తిప్పడం మర్చిపోయాను."

"మరి రేపు?"

సిగ్నల్ దగ్గర కారు ఆపి, ఆలోచించి చెప్పారు. "రేపూ అంతే అవుతుంది. పుస్తకం ఇంకెవరికైనా ఇమ్మను."

ఆదివారం చర్చ్ అయ్యాక వేసిన షోలో పుస్తకం స్మృతి పట్టుకుంది. ఆయన ముందు వరసలో కూచున్నారు.

నీ
లూసీ