మాట్లాడుతూ పరిగెత్తాలి

మన్సూరాబాద్,
15 జూన్ 2014, ఆదివారం.

బిక్షమయ్య గారికి గంగాధరరావు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేనూ ఇంద్రాణీ బాగానే ఉన్నాం. మర్యాద ప్రకారం తరువాతి వాక్యంలో నీ క్షేమం అడగాలి. అడగను. కావలసినవాళ్ల క్షేమం అడగడం వేరు, కాగితం నింపడం వేరు. పేరు పక్కన ‘గారు’ ఎందుకు తగిలించానో కూడా నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ముందు ఒక మాట గుర్తు చేస్తాను. ట్రంకు పెట్టెతో, రెండు గోనెసంచుల పుస్తకాలతో నేను తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగిన రోజు. కాలేజీలో కొత్తగా చేరిన చరిత్ర లెక్చరరుకు కిరాయి ఇల్లు చూపించమని లెక్కల లెక్చరరువైన నిన్ను పంపారు. ఆ ట్రాఫిక్కు చూసి రోడ్డు దాటలేక నిలబడిపోతే నా మోచెయ్యి పట్టుకుని, పరేషాన్ గాకు సారూ, గీ పట్నంల నిన్ను నడిరోడ్డు మీద ఒక్కణ్ణి ఇడిసిపెట్ట అన్నావు. నువ్వు సరదాకు అని ఉంటావు. నేను ఇరవై ఏళ్లకు పైగా నమ్మాను. చివరికి ఎల్బీనగర్ చౌరస్తాలో, సరిగ్గా నడిరోడ్డు మీదే, ఆ మాట తప్పావు.

మూడేళ్లు కావస్తుండగా ఇప్పుడు నీ పోస్టుకార్డు వచ్చింది. నల్లగొండలో కొడుకు ఉపేందర్ దగ్గర ఉండి ఉండి హయత్‌నగర్ తిరిగి వచ్చావట. మళ్ల సైకిలు, ఉరుకుడు మొదలువెట్టాలె, ఎట్ల మొదలువెట్టాల్నో మరిచిపోయిన, జర రాసి ఉంచు, ఆదివారం మా బిడ్డ అఖిల వచ్చి తీస్కపోతది అని నాలుగు ముక్కలు. జరిగినదాని గురించి ఒక్క అక్షరం లేదు. ఇంద్రాణి కార్డు చదివి, జవాబు రాయకండి, రాస్తే మీకు బీపీ పెరుగుతుంది అంది. రాయకపోతే ఇంకా పెరుగుతుంది అన్నాను.

నీ రాష్ట్రం నీకు వచ్చింది. సంతోషం. నేను చరిత్ర చెప్పి బతికినవాణ్ణి. పటాల మీద గీతలు మారడం నాకు వింత కాదు. నా తగాదా గీతతో కాదు, నీతో. అయినా తెలిసిన సంగతి అడిగితే చెప్పకుండా ఉండటం పాఠాలు చెప్పినవాడికి చేతకాదు. కనుక చెబుతాను. మధ్యలో నాకు గుర్తొచ్చినవి కూడా చెబుతాను. రెండూ కలిపే చదువుకో.

నిజానికి నాకు మొదలుపెట్టించింది నువ్వే. డాక్టరు నా గుండె కాగితాలు చూసి, మాస్టారూ, మీరు చదివే పుస్తకాలు మిమ్మల్ని మోయవు, కాళ్లు మోయాలి అన్న ఏడాది అది. కాలేజీ మూడో అంతస్తులో లైబ్రరీకి ఎక్కుతూ మధ్య మెట్టు మీద కూర్చుండిపోయేవాణ్ణి. నువ్వు నన్ను మా కాలనీ మైదానానికి లాక్కెళ్లావు. మొదటి రోజే నేను పళ్లు బిగించి ఒక చుట్టు పరిగెత్తి గడ్డి మీద కూలబడితే, బస్సు పోతున్నట్టు ఉరుకుతవేంది, ఇంకో బస్సొస్తది తియ్యి అని నవ్వావు.

నువ్వు మరిచిపోయానన్న ఆ పద్ధతే తిరిగి నీకు రాస్తున్నాను. ముందు నడక. ఒళ్లు వెచ్చబడ్డాక ఒక దీపస్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా మెల్లగా పరుగు, ఆపై రెండు స్తంభాల దూరం నడక. పరుగు అంటే పరుగు కాదు, నడకకు కొంచెం తొందర వచ్చినట్టు. వారాలు గడిచేకొద్దీ పరుగు స్తంభాలు పెంచుకుంటూ నడక స్తంభాలు తగ్గించుకోవాలి. పరిగెత్తిన మర్నాడు మళ్లీ పరిగెత్తకూడదు, మోకాళ్లు ఊరుకోవు. ఆ రోజు సైకిలు. చంపాపేటలో నువ్వు బేరమాడి కొనిపెట్టిన పాత సైకిలు సీటు నాకు ఎంత కిందికి ఉండేదో, కప్పలా మోకాళ్లు పైకి పెట్టుకుని తొక్కితే నువ్వు ఎంత నవ్వావో నాకు గుర్తుంది. సీటు ఎత్తుగా ఉండాలి. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపుకోవాలి, మోకాలు ఒక్క పిసరు మాత్రమే వంగాలి. బలంగా తొక్కడం కాదు, తేలికగా, ఆగకుండా తొక్కడం గుండెకు మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది మాట. పరిగెత్తేవాడు పక్కవాడితో మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగిపోతే వేగం ఎక్కువైందని గుర్తు. దీన్ని నేను ఏ పుస్తకంలోనో చదివి చెబితే నువ్వు ఆటగా మార్చావు. నేను గోంగూర అనాలి, నువ్వు పుంటికూర అనాలి. నేను బంగాళదుంప, నువ్వు ఆలుగడ్డ. నేను వెల్లుల్లి, నువ్వు ఎల్లిగడ్డ. పేరు పూర్తిగా అనలేనివాడు ఓడినట్టు, ఇద్దరం నడకకు దిగాలి. బంగాళదుంప దగ్గర నేను ఎప్పుడూ ఓడేవాణ్ణి. గంత పొడుగు పేరు వెట్టుకుంటే దమ్ము రాదా మరి అనేవాడివి. మైదానంలో నడిచే ఆడవాళ్లు మనల్ని కూరగాయల మాస్టార్లు అనేవాళ్లు.

ఆ ఆట చంపినవాడు మా వాకర్స్ సంఘం అధ్యక్షుడు శ్రీరామమూర్తి. బ్యాంకులో మేనేజరుగా పనిచేసి, రిటైరయ్యాక మమ్మల్ని గుమాస్తాలనుకున్న మహానుభావుడు. ఉద్యమం వేడెక్కాక మైదానంలో రోజుకో గొడవ అయ్యేది. మీరు మా ఉద్యోగాలు తిన్నరు అని ఒకరు, ఈ కాలనీలు కట్టిందెవరు అని ఇంకొకరు. బెంచీలు కూడా పంచుకున్నారు, అటువైపు వాళ్లవి, ఇటువైపు వీళ్లవి. ఒక ఆదివారం శ్రీరామమూర్తి మీటింగు పెట్టి, మాటల వల్లే కదండీ గొడవలు, మాటలే లేకపోతే సరి అన్నాడు. అందరం చేతులెత్తాం. గేటు దగ్గర పచ్చరంగు బోర్డు వెలిసింది: ‘నడిచేటప్పుడు, పరిగెత్తేటప్పుడు మాట్లాడరాదు.’ ఊపిరి ఆడుతోందో లేదో చెప్పేది మాటే అని ఆ మనిషికి తెలియదు. ఖాతాలు మూసినట్టు నోళ్లు మూయించాడు.

ఆ తరువాత మనం పక్కపక్కనే పరిగెత్తాం, ఎవరి నిశ్శబ్దంలో వాళ్లం. సైకిళ్ల మీద రోడ్డెక్కినా అదే అలవాటైంది. బోర్డు లేని చోట కూడా దాన్ని మోసుకుని తిరిగాం.

ఇక ఆ రోజు సంగతి. సకల జనుల సమ్మె. బస్సులు లేవు, కాలేజీలు లేవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎప్పుడూ లేనంత ఖాళీ. ముందురోజు సాయంత్రం హయత్‌నగర్ దీక్షా శిబిరంలో నువ్వు మెడలో దండ వేసుకుని కూర్చుంటే చూశాను. నీ ఇష్టం. కానీ నాతో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా అని నాకు కోపం. ఆ కోపమంతా కాళ్లలోకి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెనక్కి తిరిగాక ఎల్బీనగర్ దాకా నేనే ముందున్నాను. ఏనాడూ నన్ను ముందుకు పోనివ్వని నువ్వు ఆ రోజు వెనకబడ్డావు. తొంభై దాటిన ముసలాడిలా సైకిలు ఈడ్చావు. నేను వెనక్కి చూసి నవ్వాను కూడా.

చౌరస్తాలో టైర్లు తగలబడుతున్నాయి. కుర్రాళ్లు తాడు అడ్డం కట్టి ఆపారు. ఏ ఊరు పెద్దమనిషీ అని ఒకడు అడిగాడు. మన్సూరాబాద్ అన్నాను. గది గాదు, అసలు ఊరేంది అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క పదంలోనే వాడికి కృష్ణా డెల్టా అంతా వినిపించింది. ఇంకొకడు హ్యాండిలు పట్టుకున్నాడు. చుట్టూ మూగారు. నా ఛాతీలో దడ నాకే వినబడుతోంది. అప్పుడే నువ్వు వచ్చి చేరావు. మనోడే, ఇడువుండ్రి అని నువ్వు ఒక్క మాట అంటే చాలు, నిన్ను శిబిరంలో చూసిన పిల్లలే కదా వాళ్లు.

నువ్వు నా మొహం చూశావు. తరువాత హ్యాండిలు మీదికి వంగి నేల చూశావు. నోరు తెరిచి మూశావు. ఒక చెయ్యి పైకెత్తి, పో అన్నట్టు ఊపి, సైకిలు నెట్టుకుంటూ పక్క సందులోకి వెళ్లిపోయావు.

వాళ్లు నన్ను కొట్టలేదు. రెండు టైర్లలో గాలి తీసి, నడువు తాతా, నడిస్తే గుండెకు మంచిది అని నవ్వారు. చింతలకుంట మీదుగా ఇంటిదాకా సైకిలు నెట్టుకుంటూ నడిచాను. నన్ను అవమానించిన కుర్రాళ్ల మొహాలు మరిచిపోయాను. నీ వీపు మరవలేదు.

సాయంత్రం వస్తావనుకున్నాను. రాలేదు. మర్నాడు మైదానానికి రాలేదు. ఫోను చేస్తే మోగి ఆగిపోయింది. వారం తరువాత నువ్వు నల్లగొండ వెళ్లిపోయావని తెలిసింది. పరిగెత్తడం గురించి లోకంలో చెప్పుకునే మొట్టమొదటి కథలో, యుద్ధం గెలిచిన కబురు మోసుకుని పరిగెత్తినవాడు ఆ కబురైనా చెప్పి చచ్చిపోతాడు. నువ్వు కబురు కూడా చెప్పలేదు.

ఒక్క సంగతికి మాత్రం నీకు రుణపడి ఉన్నాను. ఈ మూడేళ్లూ నీ మీద కోపంతోనే పరిగెత్తాను. కోపం మంచి కోచ్. లైబ్రరీ మెట్లు ఇప్పుడు ఈల వేసుకుంటూ ఎక్కుతాను.

నీకు చివరి పాఠం. పాత కాళ్లున్నవాడివి, నీకు స్తంభాల లెక్కలు ఎందుకు? వారం నడిచాక మా వాటర్ ట్యాంకు దగ్గర ఎత్తుగా ఉన్న గడ్డ చూసుకో. కింది నుంచి పై దాకా పరిగెత్తు. ఆయాసం వస్తే ఆగకు. నీకు ఆగి వెనక్కి చూసే అలవాటు ఎలాగూ లేదు. ఒంటరిగానే వెళ్లు. నన్ను పిలవకు.

ఇంతే.

ఇట్లు,
ఒకప్పటి నీ సహోద్యోగి,
గంగాధరరావు.

తా.క. ఒరేయ్ బిక్షమయ్యా,

కాగితాలు మడుస్తుండగా అఖిల వచ్చింది. ఇంద్రాణి ఇచ్చిన టీ తాగుతూ, ఏం రాసిన్రు సార్, మా నాన్నకు అని అడిగింది. ట్యాంకు గడ్డ ఎక్కి ఉరకమన్నాను, ఆయాసం వచ్చినా ఆగొద్దన్నాను అని కొంచెం గొప్పగానే చెప్పాను. ఆ పిల్ల కప్పు కింద పెట్టేసింది. ఆగకుండనా సార్, గుండెల రెండు స్టెంట్లున్న మనిషినా అంది.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. నాన్న నాతోని ఒట్టు వేయించుకున్నడు సార్, మీకు చెప్పొద్దని, గిప్పుడు చెప్పకుంటే మీరే ఆయన్ను సంపుతరు అని కోప్పడి, ఏడుస్తూ చెప్పింది. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ దాటినప్పటి నుంచే నీకు ఛాతీ పట్టేసిందట. చౌరస్తాకు చేరేసరికి మాట రావడం లేదట. మనోడే అందామని నోరు తెరిచావట, ఊపిరే వచ్చింది, మాట రాలేదట. ఎత్తిన చెయ్యి పొమ్మని కాదు, ఆగమని. సందులో మూసిన దుకాణం మెట్ల మీద పడి ఉంటే, నా టైర్లలో గాలి తీసిన కుర్రాళ్లలోనే ఇద్దరు నిన్ను బండి మీద మధ్యన కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయారట.

కళ్లు తెరిచాక నువ్వు అన్న మొదటి మాట కూడా చెప్పింది. గంగాధరానికి చెప్పకుండ్రి, ఆయనది మొదలే పిరికి గుండె, ఇనంగనే భయపడి ఉరుకుడు బంద్ జేస్తడు, నా మీద కోపముంటే ఉండనియ్యి, ఆయన ఉరకాలె.

ట్యాంకు గడ్డ గురించి రాసిన వాక్యాలు కొట్టేశాను. సిరా కింద నుంచి కనబడుతున్నాయి, కనబడనీ. స్తంభాల సంగతీ, సీటు సంగతీ ఇప్పుడు నీకు కాదు. నీ డాక్టరు ఎంత అంటే అంత, ఎప్పుడు అంటే అప్పుడు. మిగతా ఉత్తరంలో ఒక్క ముక్కా మార్చలేదు. మూడేళ్లు మోసిన కోపం, నీ చేతిలోనే దించుతాను.

రేపు పొద్దున సైకిలు మీద నేనే హయత్‌నగర్ వస్తాను. నువ్వు సైకిలు ముట్టుకోవద్దు. మీ వీధి చివరిదాకా నడుద్దాం. నేను గోంగూర అంటాను. నీ నోటి నుంచి పుంటికూర పూర్తిగా వినబడకపోతే, నడిరోడ్డైనా సరే, అక్కడే కూర్చోబెట్టి నీ పక్కన కూర్చుంటాను.

అయితే ఎవరినో ఒకరిని తప్పుపట్టకపోతే నాకు అన్నం సహించదని నీకు తెలుసు. ఆ కుర్రాళ్లను ఇక అనలేను. నిన్ను అనడానికి ఏమీ మిగల్లేదు. కానీ పక్కనే ఉన్న నీ ఆయాసం నాకు వినబడకుండా చేసినవాడు ఒకడున్నాడు. వాడి పచ్చబోర్డు ఇంకా గేటుకు వేలాడుతూనే ఉంది. రేపు బయల్దేరే ముందు దాని కింద నిలబడి, కాలనీ అంతా లేచేలా గోంగూర అని అరుస్తాను. వాడికి వినబడాలి, శ్రీరామమూర్తికి.