ఆకులవ్వ

ప్రొద్దుటూరు, శనివారం రాత్రి

ఈరోజు మా వీధి బాలబడికి సెలవుల ముందు చివరి రోజు. పిల్లలు బడి తోటలో తలా ఒక కట్ట తోటకూర కోసుకుని ఇళ్ళకు పోయారు. ఆ అలవాటు పెట్టింది నా భార్య సరళ. ఆమె పోయాక తోటను పక్కింటి మస్తానమ్మ చూసుకుంటోంది.

"ఆకులవ్వా, నా కట్ట చిన్నది!" అన్నాడొక పిల్లవాడు.

"ఏందిరా, మీ ఇంట్లో మేకలుండాయా?" అంది మస్తానమ్మ.

ఆకులవ్వ అని వాళ్ళు పిలిచేది సరళను. ఆ పిలుపుకు మస్తానమ్మ పలకడం నాకు కంటగింపుగా ఉంది.

తర్వాత నా దగ్గరకొచ్చింది. "అన్నా, అక్క దాచిన చిక్కుడు విత్తనాలు ఇస్తే వానలకు తోటలో వేస్తాం."

"యాడుండాయో తెలీదమ్మా."

"అటక మీద, బూడిద కుండలో. నేనూ అక్కా కలిసే పెట్టింటిమి. ఎండకు పెట్టకుంటే పుచ్చిపోతాయన్నా."

కుండ సంగతి నాకు తెలుసు. ఇద్దరూ కలిసి పెట్టారని మాత్రం తెలియదు. ఆ బూడిదలో చివరగా పెట్టింది సరళ చెయ్యేనని, ఇన్నాళ్ళూ నేను కదిలించలేదు.

ఇందాక కుండ దించాను. సగం పుచ్చిపోయాయి.

రేపు పొద్దున్నే మంచివి ఏరి మస్తానమ్మకు ఇచ్చి వస్తాను. పిడికెడు నా దగ్గరే ఉంచుకుంటాను. ఆమెకు చెప్పను.